ప్రాజెక్టు మార్కులు పదిహేను రోజులకోసారి వెయ్యండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి,



ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ చదివే పిల్లల టీమ్ ప్రాజెక్టుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వనపర్తి జిల్లాలోనే పుట్టి పెరిగి, చాలా ఏళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు సొంతూరి నుంచే పని చేసుకుంటున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో చదివే పిల్లలు ఎవరో ఒకరి ద్వారా నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. ప్రాజెక్టుకు ఏదైనా ఐడియా చెప్పమనో, రాసిన కోడ్ ఎందుకు నడవట్లేదో చూడమనో అడుగుతారు. వాళ్లలో తెలివికి కొదవ లేదు. మనం వాళ్లచేత చేయిస్తున్న ప్రాజెక్టు మాత్రం వాళ్లకు ఏమీ నేర్పడం లేదు. దాన్ని మార్చడం మీ చేతిలో ఉన్న పని.

ఈ మూడు జిల్లాల్లోనూ ప్రాజెక్టు ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. నలుగురిని కలిపి ఒక బ్యాచ్ చేస్తారు. సాధారణంగా హాల్‌టికెట్ నంబర్ల వరసలో. ఒక గైడ్‌ను కేటాయిస్తారు. ఆధారంగా పెట్టుకోవడానికి ఒక బేస్ పేపర్ తెచ్చుకోమంటారు. జీరోత్ రివ్యూ, మొదటి రివ్యూ, రెండో రివ్యూ, చివరికి ఎక్స్‌టర్నల్ వైవా. రివ్యూకి పీపీటీ తెస్తారు, వైవాకి బైండింగ్ చేయించిన రికార్డ్ తెస్తారు. మధ్యలో ప్రోగ్రాం రాసేది బ్యాచ్‌లో ఒక్కరే, అదీ రాసేవాళ్లుంటే. లేకపోతే తలా కొంత వేసుకుని హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక ప్రాజెక్ట్ సెంటర్‌లో రెడీమేడ్‌గా కొనుక్కొస్తారు. రికార్డ్ కూడా అక్కడే అచ్చయి వస్తుంది. ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పని ఎలా చేశారని వాళ్లను ఎవరూ అడగడం లేదు. చివరి రోజు చేతిలో ఏముందన్నదే చూస్తున్నారు. అలాంటప్పుడు చివరి రోజుకు చేతిలో ఏదో ఒకటి ఉండేలా చూసుకుంటారు.

వింత ఏమిటంటే, ఇదే పిల్లలు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సబ్జెక్టులో వాటర్‌ఫాల్, స్పైరల్ మోడళ్ల పక్కనే, చిన్న విడతల్లో చేసి చూపిస్తూ మార్చుకుంటూ పోయే ఎజైల్ పద్ధతి గురించి చదువుతారు. ఎజైల్ అంటే ఏమిటో, అందులో ఒక రకమైన స్క్రమ్‌లో ఎవరి పాత్ర ఏమిటో పరీక్షలో పేజీలకు పేజీలు రాస్తారు. ఆ తర్వాత రెండు గదులవతల ఉన్న ల్యాబ్‌లో అచ్చమైన వాటర్‌ఫాల్ పద్ధతిలో ప్రాజెక్టు చేస్తారు. ముందు టైటిల్ ఖాయం, తర్వాత డయాగ్రాములు ఖాయం, తర్వాత కోడ్, చివరి వారంలో టెస్టింగ్ అనే అధ్యాయం. ఆ అధ్యాయంలోని పట్టికలో అన్ని గళ్లలోనూ ‘పాస్’ అనే ఉంటుంది. వాటర్‌ఫాల్‌కు మూలమని అందరూ చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970లోనే తన పేపర్‌లో హెచ్చరించాడు, అంతా అయ్యాక చివర్లో పరీక్షించే పద్ధతిలో ప్రమాదం ఉందని. ఆ పేపర్‌లోని దశల బొమ్మను మాత్రం అందరూ తీసుకున్నారు, హెచ్చరికను వదిలేశారు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట పదిహేడు మంది ప్రోగ్రామర్లు కూర్చుని రాసుకున్న ఎజైల్ ప్రకటనలో నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు ఉన్నాయి. వాటిలో మన కాలేజీలకు నేరుగా తగిలేవి రెండు. నడిచే సాఫ్ట్‌వేర్‌ను దాని గురించి రాసిన కాగితాలకంటే మిన్నగా చూడాలన్నది ఒకటి. వాడుకునే మనిషితో కలిసి పనిచేయడం ముందుగా రాసుకున్న ఒప్పందం కంటే ముఖ్యమన్నది రెండోది. మన ప్రాజెక్టులో ఈ రెండూ తలకిందులుగా ఉన్నాయి. కాగితమే ప్రాజెక్టు అయిపోయింది. వాడుకునే మనిషైతే అసలు లేనే లేడు.

ఆ మనిషి ఉంటే ఏమవుతుందో నేను దగ్గరుండి చూసిన ఒక బ్యాచ్ గురించి చెప్తాను. కాలేజీ పేరు, పిల్లల పేర్లు ఇక్కడ అవసరం లేదు. గద్వాలలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న నలుగురు. చేనేత మీద ఏదైనా చేద్దామనుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి మేనత్త మగ్గం నేస్తుంది. షావుకారు రేశం, నూలు, జరీ తూకం వేసి ఇస్తాడు. చీర అయ్యాక మళ్లీ తూకం వేసుకుని కూలి కడతాడు. ఆ లెక్క షావుకారు పుస్తకంలో ఉంటుంది. ఆమె దగ్గర మాత్రం స్కూలు పిల్లల చిన్న నోటుబుక్కు, అందులో పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు. పదిహేను రోజులు కష్టపడి పిల్లలు ఫోన్‌లో ఒక యాప్ తయారు చేసుకుని వెళ్లారు. రిజిస్ట్రేషన్ పేజీ, పాస్‌వర్డ్, ఓటీపీ, రంగురంగుల డ్యాష్‌బోర్డు. ఆమె మగ్గం మీద నుంచి లేచి, చేతులు తుడుచుకుని ఫోన్ పట్టుకుంది. ఓటీపీ దగ్గరే ఆగిపోయింది.

“గీ తాళం ఎందుకు బిడ్డా? షావుకారు ఎంత రేశం ఇచ్చిండు, చీరకు ఎంత పోయింది, నా కాడ ఎంత మిగిలింది, గా లెక్క కనపడితే చాలు నాకు.”

నలుగురి ముఖాలూ చిన్నబోయాయి. బయటికొచ్చాక ఒకడు, ఆమెకు టెక్నాలజీ తెలియదన్నాడు. ఇంకో అమ్మాయి వాడి మాటకు అడ్డుపడి, మనకే మగ్గం తెలియదంది. ఆ సాయంత్రం వాళ్లు చెట్టుకింద కూర్చుని మాట్లాడుకున్నదాన్ని స్క్రమ్ పుస్తకాల్లో రెట్రోస్పెక్టివ్ అంటారు. వాళ్లకు అప్పుడు ఆ మాట గుర్తు రాలేదు. నేనూ గుర్తు చేయలేదు.

రెండో విడతకు లాగిన్ తీసేశారు. ఒకే స్క్రీన్, మూడు అంకెలు. ఆమె వెంటనే, తరుగు ఎక్కడ రాయాలని అడిగింది. ఆసు పోసేటప్పుడు, కండె చుట్టేటప్పుడు కొంత దారం తెగి వృథాగా పోతుంది. అది లెక్కలో లేకపోతే షావుకారుతో మాటపడేది ఆమే. పిల్లలకు ఆ సంగతే తెలియదు. ఏ బేస్ పేపర్‌లోనూ అది ఉండదు. మూడో విడతకు తరుగు కలిపారు. అంతలో ఆమె కొడుకు ఫోన్ తీసుకుని హైదరాబాద్ పనికి పోయాడు, లెక్కలన్నీ ఫోన్‌తోపాటే పోయాయి. నాలుగో విడతలో బ్యాకప్ అంటే ఏమిటో, అది ఎందుకో ఆ నలుగురికీ తెలిసింది. ఈసారి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకొకటి కూడా బయటపడింది. మొదటి రెండు విడతల్లో నలుగురిలో ఒకడు ఏమీ చేయలేదు. మామూలు ప్రాజెక్టయితే ఆ సంగతి వైవా రోజు దాకా కప్పిపుచ్చేవాళ్లు, ఆ తర్వాత కూడా అడిగేవాళ్లుండరు. ఇక్కడ ఆమె ముందు నిలబడి చూపించాల్సి వచ్చేసరికి వాడికే తెలిసిపోయింది. వాడికి కోడ్ రాయడం భయం, అంతే. ఒకమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని, తను చెప్తుంటే వాడిచేత టైప్ చేయించింది. పెయిర్ ప్రోగ్రామింగ్ అని కెంట్ బెక్ 1999లో తన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పుస్తకంలో గట్టిగా చెప్పింది దీన్నే. చివరికొచ్చేసరికి తరుగు లెక్క కట్టే భాగం వాడే రాశాడు.

మరి మార్కులు? రికార్డ్ ఫార్మాట్ ప్రకారం వాళ్లు మొదట అనుకున్న యాప్‌కు గీసిన డయాగ్రాములే అచ్చు వేయించాల్సి వచ్చింది. లాగిన్ మాడ్యూల్, అడ్మిన్ మాడ్యూల్, యూజర్ మాడ్యూల్. ఆ ఇంట్లో చేసుకున్న ఒక్కొక్క మార్పు, దాని వెనకున్న కారణం ఎక్కడా రాయడానికి చోటు లేదు. అసలు అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్నట్టు ఎందుకు చేయలేదని వైవాలో అడిగారు. నేర్చుకున్నదాన్నే వాళ్లు తప్పుగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆ పిల్లల ముఖాలు చూశాకే మీకు రాయాలనుకున్నాను.

ఆ మేనత్త ఇంట్లోనే మగ్గం మీద ఒక సంగతి గమనించాను. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులు పట్టు. ఆ అంచును చీరంతా అయ్యాక తెచ్చి కుట్టరు. పేక వేసిన ప్రతిసారీ మగ్గం మీదే ఒంటినీ అంచునూ కలుపుతూ పోతారు. ఎక్కడ కలవకపోయినా అక్కడికక్కడే కనపడుతుంది, అక్కడే విప్పి సరిచేస్తారు. మన బ్యాచ్‌లు నాలుగు మాడ్యూళ్లు నలుగురు విడివిడిగా రాసి, వైవా ముందు రాత్రి కలపడానికి కూర్చుంటాయి. తెల్లారేదాకా కలవవు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రోజుకు నాలుగైదుసార్లు కోడ్ కలిపి పరీక్షించుకోవడం ఎందుకో వివరించడానికి ఆ మగ్గాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అర్మాండో ఫాక్స్, డేవిడ్ ప్యాటర్సన్ తమ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ కోర్సును ఇలాగే మలిచారు. విద్యార్థుల బృందాలు స్వచ్ఛంద సంస్థల వంటి నిజమైన క్లయింట్ల కోసం పనిచేసి, చిన్న చిన్న విడతల్లో వాళ్లకే చూపించి, వాళ్లు చెప్పినదాన్నిబట్టి మార్చుకుంటారు. అంత దూరం ఎందుకు, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడాది పిల్లలే బృందాలుగా బయటి క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తారు. గచ్చిబౌలి పిల్లలకు క్లయింట్లు దొరుకుతారు, గద్వాలలో ఎక్కడ దొరుకుతారని ఒక పెద్దమనిషి నన్నడిగారు. నా సమాధానం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ దాకా చేరని లెక్కలు గద్వాలలోనే ఎక్కువున్నాయి.

కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో సీడ్ పత్తి రైతులున్నారు. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు, క్రాసింగ్‌కు కూలీలను పెట్టుకుంటారు, విత్తనాన్ని కంపెనీకిచ్చాక పరీక్షల ఫలితం వచ్చేదాకా డబ్బుకోసం ఎదురుచూస్తారు. ఎంత అడ్వాన్స్, ఎంత వడ్డీ, ఎన్ని కిలోలు తూకమైంది, ఎన్ని ఫెయిలయ్యాయి, ఈ లెక్క రైతు చేతిలో ఎప్పుడూ పూర్తిగా ఉండదు. వనపర్తి మార్కెట్ యార్డుకు పల్లికాయ తెచ్చే రైతుకు ఆ రోజు ధర పొద్దున్నే తన ఫోన్‌లో కనిపిస్తే, తేవాలో ఆగాలో ఇంటి దగ్గరే తేల్చుకుంటాడు. నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకు వెళ్లే ఆరోగ్య కార్యకర్తకు చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఆమెకోసం చేసే యాప్ నెట్ లేకుండా నడవాలి, సిగ్నల్ దొరికే మన్ననూరు దాకా వచ్చాక తనంతట తానే సర్వర్‌కు పంపుకోవాలి. ఈ ఒక్క అవసరం తీర్చడానికి కూర్చుంటే ఆ బ్యాచ్‌కు వచ్చే చదువు, నలభై ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్’లు చేసినా రాదు.

అడగకుండా చేసిన సాఫ్ట్‌వేర్ మనుషుల్ని ఎంత తిప్పలు పెడుతుందో ఈ జిల్లాల రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. పాస్‌బుక్‌లో తప్పు పడితే సరిచేసుకునే దారులు మొదట్లో చాలావరకు అందులో లేవు. రైతులు తహసీల్దార్ ఆఫీసుల చుట్టూ, కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. ఒక్కొక్క ఇబ్బందికీ ఒక్కొక్క మాడ్యూల్ ఆ తర్వాత చేర్చుకుంటూ పోయారు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. రాజకీయం ఎవరిదైనా కానివ్వండి, నేను దీన్ని సాఫ్ట్‌వేర్ మనిషిగా చూస్తున్నాను. ఒక్క మండలంలో, పదిమంది రైతుల పక్కన కూర్చుని, రెండు వారాలకొకసారి చూపిస్తూ ఆ స్క్రీన్లు తయారుచేసి ఉంటే, ఆ తప్పుల్లో చాలావాటిని మొదటి నెలలోనే పట్టుకునేవాళ్లు. రేపు అలాంటి పోర్టల్ రాయబోయేది ఇప్పుడు మన ల్యాబుల్లో కూర్చున్న పిల్లలే. వాడుకునే మనిషిని అడిగే అలవాటు వాళ్లకు ఇక్కడ పడకపోతే ఇంకెక్కడా పడదు.

ఇక నేను అడిగేది. జేఎన్‌టీయూ ఆర్22 సిలబస్‌లో ఇప్పటికే ఫీల్డ్ ప్రాజెక్టు ఉంది, మినీ ప్రాజెక్టు ఉంది, చివరి ఏడాది రెండు దశల ప్రాజెక్టు ఉంది. పాలమూరు యూనివర్సిటీ డిగ్రీలోనూ ప్రాజెక్టు ఉంది. కొత్తగా ఒక్క సబ్జెక్టు కూడా పెట్టనక్కర్లేదు. రివ్యూలు ఎలాగూ ఉన్నాయి. వాటిని రెండు వారాలకొకటి చేయండి. ప్రతి రివ్యూలో పీపీటీ వద్దనండి, నడిచే ప్రోగ్రాం చూపించమనండి, వాడుకునే మనిషి చూసి ఏమన్నదీ రాసుకు రమ్మనండి. ప్రాజెక్టు మార్కుల్లో సగానికి మించి ఈ విడతలకే ఇవ్వండి. చివరి రికార్డ్ ఇరవై పేజీలు చాలు. అందులో మొదట ఏమనుకున్నాం, ఎందుకు మార్చుకున్నాం అన్నది తప్పనిసరి అధ్యాయం కావాలి. ఎవరు ఏ రోజు ఏ భాగం రాశారన్నది కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ చరిత్రలో తేదీతో సహా ఉంటుంది, గైడ్ అది తెరిచి చూడాలి. అందులోనూ తేదీలు మార్చి మోసం చేసేవాళ్లుంటారని నాకు తెలుసు. కానీ రెండు వారాలకొకసారి ఎదురుగా నిలబడి నడిపి చూపించాల్సినప్పుడు, కొనుక్కొచ్చిన ప్రాజెక్టుతో ఎంతో దూరం పోలేరు. వాడే మనిషి మార్పు అడిగిన రోజే అది ఆగిపోతుంది.

అడ్డంకులు లేవని చెప్పను. అన్నిటికంటే పెద్ద అడ్డంకి బస్సు. ఈ మూడు జిల్లాల కాలేజీల్లో చాలామంది పల్లెల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లే. అచ్చంపేట వైపో, అలంపూర్ వైపో పోయే సాయంత్రం బస్సు తప్పితే ఆడపిల్లకు ఇంటికి చేరే దారి లేదు. కాలేజీ అయ్యాక ఆగి టీమ్ పని చేసుకోండని చెప్పడం తేలిక. అలా చెప్తే ఆ పని హాస్టల్లో ఉండే మగపిల్లలకు పోతుంది, రికార్డ్ రాసే పని ఆడపిల్లలకు మిగులుతుంది. ఇది ఏటా జరుగుతున్నదే. కాబట్టి ప్రాజెక్టు పని టైమ్‌టేబుల్‌లోనే, పగటిపూటే, వారానికి రెండు మధ్యాహ్నాలు ఉండాలి. స్క్రమ్‌లో రోజూ పావుగంట నిలబడి మాట్లాడుకునే స్టాండప్‌ను బస్సులో కూడా పెట్టుకోవచ్చు, ఆ గద్వాల పిల్లలు పెట్టుకున్నారు. కోడ్ కలిపే పనికి మాత్రం అందరూ ఒక ల్యాబ్‌లో, ఒకే సమయంలో ఉండాలి.

రెండోది గైడ్లు. చాలా కాలేజీల్లో కాంట్రాక్ట్, గెస్ట్ లెక్చరర్లే గైడ్లు. గెస్ట్ లెక్చరర్లకు గంటల లెక్కన జీతం. బ్యాచ్‌తో కలిసి రైతు దగ్గరికో, నేతగత్తె ఇంటికో పోయిన గంటలను ఎవరూ లెక్కలో వేయరు. ఆ గంటలకు డబ్బు కట్టకుండా ఈ మార్పు ఆదేశిస్తే, వాళ్ల నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే అవుతుంది. వాళ్లకూ మొదట ఒక విడత శిక్షణ కావాలి. పవర్‌పాయింట్ శిక్షణ సరిపోదు. వాళ్లు కూడా నలుగురు కలిసి నెలరోజులు ఒక చిన్న పని చేసి, నిజంగా వాడుకునే మనిషికి చూపించాలి. ఇలా చేసి చూడనివాళ్లు దీన్ని ఇంకొకరికి నేర్పలేరు.

మూడోది, ఊరికే పని చేయించుకుంటారన్న భయం. అది నిజమైన భయమే. ఏదో ఆఫీసు వచ్చి ఈ వెబ్‌సైట్ చేసిపెట్టండని పిల్లల్ని వాడుకోవచ్చు. అందుకే క్లయింటు ఎవరైనా సరే, పిల్లల పని చదువుకోసమేనని, కోడ్ వాళ్లదేనని, గడువు పెట్టి ఒత్తిడి చేయకూడదని ఒక పేజీ కాగితం మీరే తయారుచేసి కాలేజీలకు పంపండి. రైతు అప్పు, రోగి వివరం లాంటివి పిల్లల ల్యాప్‌టాప్‌లలో పడి ఉండకూడదని కూడా అందులో రాయండి. ఉత్తుత్తి పేర్లతో, మార్చిన అంకెలతో పని చేయించవచ్చు.

చేసి నేర్చుకునే చదువు ఇక్కడ కొత్త కాదు. వనపర్తిలో సంస్థానం రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. మోటార్లు విప్పి బిగించే చదువు అప్పటి నుంచీ ఈ ఊళ్లో ఉంది. ఈమధ్య జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. చేత్తో పట్టుకుని చేస్తే తప్ప రాని చదువు ఒకటుంటుందని ఇక్కడి పెద్దలకు తెలుసు. లేత్ మెషీన్ మీద పని చేయకుండా, దాని గురించి రికార్డ్ రాస్తే పాస్ చేసే పాలిటెక్నిక్ ఏదీ లేదు. సాఫ్ట్‌వేర్‌కూ అదే నియమం పెట్టమంటున్నాను.

చివరగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గర కూర్చునే అధికారులు మొదట అడిగేది ఇదే. పిల్లలు పాసై వెళ్లిపోయాక ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు చూస్తారు? ఆ నేతగత్తె ఫోన్‌లో యాప్ ఆగిపోతే ఎవరికి చెప్పాలి? దీనికి నా దగ్గర ఉన్న జవాబు, దాన్ని జూనియర్ బ్యాచ్‌కు అప్పగించడం. ఏటా కొత్త టైటిల్ కావాలన్న నిబంధన తీసేయండి. మూడో ఏడాది పిల్లలు సీనియర్ల కోడ్ తీసుకుని, చదివి, అర్థం కానిచోట వాళ్లకు ఫోన్ చేసి అడిగి, దాన్ని ముందుకు నడిపితే అదీ ప్రాజెక్టేనని, దానికీ పూర్తి మార్కులేనని రాసివ్వండి. కంపెనీలో చేరిన మొదటి రోజు నుంచి వాళ్లు చేయబోయేది ఆ పనే. ఎవరో రాసిన కోడ్‌ను విప్పుకుని చూడటం, పాడు చేయకుండా ఒక చిన్న మార్పు కలపడం. సీనియర్లకు కూడా, తర్వాత ఎవరో చదువుతారని తెలిస్తే పేర్లు శుభ్రంగా పెట్టి, టెస్టులు రాసి వెళ్లే అలవాటు వస్తుంది. రాష్ట్రమంతా ఒకేసారి చేయనక్కర్లేదు. వచ్చే విద్యాసంవత్సరం ఈ మూడు జిల్లాల్లో, ఒక ఇంజినీరింగ్ కాలేజీ, రెండు డిగ్రీ కాలేజీలతో మొదలుపెట్టండి. డిసెంబర్‌లో పిల్లల్నీ, గైడ్లనీ, వాడుకున్నవాళ్లనీ పిలిచి ఏం బాగుంది, ఏం కుదరలేదని అడిగి, జనవరి సెమిస్టర్‌కు నిబంధనలు మార్చండి. ఎక్స్‌టర్నల్స్‌గా రావడానికి, ల్యాబ్‌లో పిల్లల పక్కన కూర్చోవడానికి నేనూ, నాలాగే ఈ జిల్లాల నుంచి వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న మిత్రులూ సిద్ధంగా ఉన్నాం. మాకు పారితోషికం అక్కర్లేదు. మీ ఉత్తర్వు జూన్‌లోగా రావాలి, ఎందుకంటే బ్యాచ్‌లు వేసేది జూలైలో.

ఇట్లు,
వనపర్తి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి